కందిరీగలా కనిపించే ఈ నల్ల చిమ్మట ఏ కుటుంబానిది? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది

ఉలవపాడు_డిగ్రీ

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ ఫైనలియర్, జువాలజీ. మాది ఉలవపాడు పక్కన పల్లె. పగటిపూట తిరిగే చిమ్మటల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. మా మామిడి తోటలో గట్టు మీది గడ్డి పరకలకు పట్టుకుని కనిపించిందొకటి. మొదట కందిరీగ అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నల్ల రెక్కలు, వాటిలో మచ్చలు. ఆ మచ్చల్లో రంగు లేదు, రెక్క కింద వేలు పెడితే వేలు కనిపిస్తుంది. నడుముకి పసుపు పట్టీలు. మీసాల కొనలు తెల్లగా ఉన్నాయి. రెక్కలు మడవకుండా రెండు పక్కలకీ చాపి కూర్చుంటుంది. పొద్దున పూట జంటలు తోకలు కలుపుకుని అలాగే చాలాసేపు కదలకుండా ఉంటున్నాయి.

రెండోది రామయపట్నం బీచ్ దారిలో దొరికింది. దీని రెక్కలూ నలుపే కానీ మచ్చలు నారింజ రంగు, ఒంటి మీద ఎర్ర పట్టీల మధ్య నీలం మెరుపు. ఎండిపోయిన కలుపు మొక్క మీద గుంపుగా వాలి ఉన్నాయి. రెండింటి ఫోటోలూ పెట్టాను.

నా సమస్య ఏమిటంటే, లైబ్రరీలో ఉన్న పాత పుస్తకంలో ఈ రెండూ సింటోమిడే కుటుంబం. మా ల్యాబ్‌లో ఉన్న పెట్టెలో రెండూ ఒకే వరుసలో గుచ్చి ‘టెనూకిడే’ అని చీటీ పెట్టారు. మా నోట్సులో ఆర్క్టిడే. ఒక వెబ్‌సైట్‌లో నాక్టుయిడే. ఫోన్ యాప్ ఎరెబిడే అంటోంది. అయిదు చోట్ల అయిదు పేర్లు. వచ్చే వారం బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. చీటీ మీద ఏం రాయాలి? ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

మెట్టరైతు_కందుకూరు

పాపా, దీనికి టెన్షన్ ఎందుకు? మా కందుకూరు సంగతి చూడు. నేను పుట్టేనాటికి నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అని కొత్తగా పెడితే అందులోకి పోయాం, రెండేళ్ళకు దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఊరు ఉన్న చోటనే ఉంది, చెరువు ఉన్న చోటనే ఉంది. కాగితం మీద గీత మారింది, అంతే. నీ పురుగూ అంతే. ఇప్పుడు ఏది నడుస్తా ఉంటే అది రాసెయ్.

నాకు కావాల్సింది ఇంకొకటి. ఇవి పంటను తింటాయా? శనగ, మినుము, కంది వేస్తాం మేము. మా కంది చేలో కూడా ఈ నల్లది కనిపిస్తా ఉంటుంది.

తెల్లదుప్పటి_కావలి

మంచి ప్రశ్న అడిగావమ్మా. ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. రాత్రిళ్ళు డాబా మీద తెల్లదుప్పటి కట్టి, లైటు పెట్టి, వాలిన చిమ్మటల్ని రాసుకోవడం నా అలవాటు. నీ రెండు పురుగులూ పగటివి కాబట్టి దుప్పటి మీదకు పెద్దగా రావు కానీ, నాకు చాలా ఇష్టమైనవి.

ముందు పెద్దాయనకు. అన్నా, జిల్లాల పోలికను నేను ఒప్పుకోలేను. జిల్లా గీత మనుషులు పాలన కోసం గీసుకునేది. కందుకూరును ఎందులో కలిపినా తప్పని నిరూపించడానికి ఆధారం ఉండదు. కుటుంబం గీత అలా కాదు. ఒక కుటుంబంలో పెట్టామంటే అవన్నీ ఒక తల్లి సంతానం అని చెబుతున్నట్టు. అది నిజమో కాదో తేలుతుంది, తప్పైతే దిద్దాలి. ఈ పేర్లు మారడం వెనక ఉన్నది ఆ దిద్దుబాటే. పంట సంగతి: నల్లదాని పిల్ల పురుగులు వెంట్రుకలతో ఉంటాయి, రకరకాల మొక్కలు తింటాయి. వీటిలో ఒక జాతి గంధం చెట్ల ఆకులు తింటుందని పుస్తకాల్లో ఉంది. మన కంది, మినుముల్లో వీటి వల్ల చెప్పుకోదగ్గ నష్టం నేనైతే చూడలేదు. మందు కొట్టకండి.

ఇక నీకు, ఉలవపాడు అమ్మాయీ. నీ అయిదు పేర్లలో ఏదీ ఎవరో నిర్లక్ష్యంగా రాసింది కాదు. ఒక్కోటీ ఒక్కో కాలంలో చేతిలో ఉన్న ఆధారంతో రాసింది.

1758లో లిన్నేయస్ రెక్కల మీద పొలుసులున్న పురుగులన్నిటినీ మూడే ప్రజాతుల్లో పెట్టాడు: పాపిలియో, స్ఫింక్స్, ఫాలేనా. యూరప్‌లో ఉండే నీ నల్లదాని చుట్టాన్ని స్ఫింక్స్‌లో వేశాడు, అంటే నువ్వుల చేలో లావుపాటి కొమ్ము పురుగుగా కనిపించేవాటి సరసన. నీ నారింజ మచ్చలదాన్నీ అందులోనే వేశాడు. అమాటా అన్న ప్రజాతి పేరు 1807లో ఫాబ్రీషియస్ పెట్టింది. మరుసటి ఏడాదే ఆక్సెన్‌హైమర్ సింటోమిస్ అని పెట్టాడు. పాత పుస్తకాల్లో సింటోమిస్ అని కనిపిస్తే అమాటా అనే చదువుకో.

మీ లైబ్రరీ పుస్తకంలో ఉన్నది హాంప్సన్ మాట. జార్జి హాంప్సన్ నీలగిరుల్లో టీ తోటలు వేయడానికి వచ్చి అక్కడ చిమ్మటల వెంట పడినవాడు. తర్వాత లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని భారతదేశపు చిమ్మటల మీద 1892 నుంచి 1896 దాకా నాలుగు సంపుటాలు రాశాడు. మొదటి సంపుటంలోనే సింటోమిడే ఉంది. 1898లో ప్రపంచంలోని సింటోమిడే అంతటికీ విడిగా ఒక పెద్ద జాబితా పుస్తకం తెచ్చాడు. ఆయన వీటిని ఏ గుర్తుతో వేరు చేశాడన్నది నువ్వు కళ్ళారా చూడొచ్చు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నీ నల్లదాని వెనక రెక్క చూడు, ముందు రెక్కలో సగం కూడా ఉండదు. ఆర్క్టిడే చిమ్మటల వెనక రెక్కలో ముందంచు పక్కనే ఒక ఈనె నడుస్తుంది. హాంప్సన్ లెక్కలో అది 8వ ఈనె. నీ పురుగులో అది లేదు. మామూలు చిమ్మటకైతే పొలుసులు అడ్డం వస్తాయి. దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి రెక్క మీద ఒక చుక్క పెడితే కొద్ది క్షణాలు ఈనెలన్నీ బయటపడతాయి, స్పిరిట్ ఆరగానే మళ్ళీ దాగిపోతాయి. నీ నల్లదానికి ఆ రంగులేని మచ్చల్లో స్పిరిట్ అక్కర్లేకుండానే సగం ఈనెలు తెలుస్తాయి. భూతద్దం ఉంటే చాలు. 8వ ఈనె లేనివన్నీ సింటోమిడే, ఉన్నవి ఆర్క్టిడే. హాంప్సన్ గీత అది. దక్షిణ అమెరికాలో ఇలాగే కందిరీగ వేషం వేసే చిమ్మటలు కొల్లలుగా ఉన్నాయి. వాటికీ ఆ ఈనె లేదు. వాటినీ తెచ్చి ఇందులోనే కలిపాడు. మీ ల్యాబ్ చీటీ మీద ఉన్న టెనూకిడే అన్న పేరు ఆ అమెరికా బంధువర్గం నుంచి వచ్చిందే.

తిరకాసు ఇక్కడే ఉంది. ఉన్న లక్షణం ఒకటి, పోయిన లక్షణం ఒకటి. కందిరీగలా కనిపించాలంటే వెనక రెక్క చిన్నదైపోవాలి, నడుము సన్నబడాలి. రెక్క చిన్నదైతే ఈనెలు కలిసిపోతాయి, కొన్ని మాయమవుతాయి. ఈ పని వేర్వేరు వంశాల్లో, వేర్వేరు ఖండాల్లో విడివిడిగా జరగొచ్చు. రెండు పురుగులకూ ఒకటే ఈనె లేదన్నంత మాత్రాన అవి అక్కచెల్లెళ్ళు కావు. దీన్ని పట్టుకోవడానికి వందేళ్ళు పట్టింది. 2002లో నాన్సీ జాకబ్సన్, సుసాన్ వెల్లర్ ఒక్క రెక్కనే నమ్మకుండా పిల్ల పురుగుల లక్షణాలూ పెద్దవాటి లక్షణాలూ కలిపి చూసి, సింటోమిస్ వర్గాన్ని ఆర్క్టిడేలో ఒక ఉపకుటుంబంగా ఉంచారు. అమెరికా కందిరీగ వేషాల వాళ్ళను మాత్రం అసలు ఆర్క్టినే ఉపకుటుంబంలోకి, పులి చారల చిమ్మటల మధ్యకు పంపేశారు.

ఇప్పుడు మీ ల్యాబ్ పెట్టెలో ఆ ఒకే వరుస చూడు. నల్లది అమాటా, లేదా దానికి బాగా దగ్గరిది. ఏ జాతి అన్నది ఫోటో చూసి నేను చెప్పను, వీటిలో జాతి తేలాలంటే జననాంగాలు విప్పి చూడాలి. బీచ్ దారిలో దొరికింది యూక్రోమియా ప్రజాతి, చూస్తే అందులో పాలిమెనా జాతిలాగే ఉంది. రెండూ మన తీరంలోనే ఉన్నాయి, రెండూ నలుపు, రెండూ పగలే తిరుగుతాయి, రెండూ కందిరీగ వేషమే. హాంప్సన్‌కు రెండూ సింటోమిడే. ఇప్పటి లెక్కలో ఆర్క్టినే ఉపకుటుంబం లోపల తెగలని చిన్న వర్గాలున్నాయి; నల్లది సింటోమిని తెగ, నారింజ మచ్చలది ఆర్క్టిని తెగ. ఎక్కడో దక్షిణ అమెరికా అడవిలో ఉన్న కందిరీగ వేషాల వాళ్ళు నీ రామయపట్నం పురుగుకు దగ్గరి చుట్టాలు, మీ తోటలో ఉన్న నల్లది దూరపు చుట్టం. నాకిది ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు పులకరించే సంగతి. నీ ప్రాజెక్టులో చేతికి దొరికిన అసలు బంగారం ఇదే, దీని మీద రెండు పేజీలు రాయి.

ఇక నాక్టుయిడే, ఎరెబిడే. 2005లో ఫిబిగర్, లాఫోంటెయిన్ అనే ఇద్దరు ఎరెబిడేని వేరే కుటుంబంగా లేపారు. ఏడాది తిరక్కుండానే, 2006లో, ఆర్క్టిడేతో సహా చాలావాటిని పెద్ద నాక్టుయిడేలో కలిపేశారు. నీకు దొరికిన వెబ్‌సైట్ ఆ కాలంలో ఆగిపోయి ఉంటుంది. 2011లో ఫిన్‌లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయంలో రెజా జహిరి, ఆయనతో పనిచేసినవాళ్ళు 152 జాతుల నుంచి ఎనిమిది జన్యువులు తీసి పోల్చారు. ఈ మొత్తం సమూహం ఆరు కుటుంబాలుగా విడిపోయింది. ఆర్క్టిడే వెళ్ళి ఎరెబిడే మధ్యలో మొలిచింది. అంటే దాన్ని వేరు కుటుంబంగా ఉంచితే ఎరెబిడే కుటుంబం కాకుండా పోతుంది, తల్లి సంతానంలో కొందరిని ఇంట్లోంచి తోసేసినట్టే. అందుకని ఆర్క్టిడేని ఒక మెట్టు దించి ఆర్క్టినే అని ఉపకుటుంబం చేశారు. దాని లోపల నీ నల్లదాని వర్గం ఒక తెగ అయింది. కుటుంబం నుంచి ఉపకుటుంబం, ఉపకుటుంబం నుంచి తెగ. పురుగు అదే, హోదా రెండు మెట్లు దిగింది.

ఎరబుట్ట_ఒంగోలు

మేడమ్ చెప్పింది చదివాను, బాగుంది. నేను పురుగుమందులు, లింగాకర్షక బుట్టలు అమ్ముతాను, అగ్రికల్చర్ బీయస్సీ. నా అభ్యంతరం వేరే. మేము చదువుకున్నప్పుడు వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగు ఆర్క్టిడే, ఆముదంలో దాసరి పురుగు నాక్టుయిడే. కుటుంబం పేరు వింటే పురుగు కళ్ళముందు కనిపించేది. ఆర్క్టిడే అంటే ఒంటినిండా బొచ్చు, తల్లి పురుగుకు రంగు రెక్కలు. ఇప్పుడు బొచ్చు గొంగళీ, నున్నటి దాసరీ, నీ కందిరీగ వేషం పురుగూ అన్నీ ఎరెబిడే అంటే ఆ పేరు వల్ల రైతుకు, నాబోటి వాడికి ఒరిగేదేమిటి? దక్షిణ అమెరికాలో అడుగుకు దగ్గరగా రెక్కలు చాపే థైసానియా అనే చిమ్మట కూడా అందులోనే, చీమంత చిన్నవీ అందులోనే అని ఎక్కడో చదివాను. అంత పెద్ద సంచిలో అన్నీ వేస్తే ఏది ఎక్కడుందో ఎలా వెతుక్కోవాలి?

తెల్లదుప్పటి_కావలి

ఒంగోలు తమ్ముడూ, మీ బాధ నిజమైనదే. అందుకే ఉపకుటుంబం పేరు వదలొద్దని మా పిల్లలకు చెబుతాను. బొచ్చు గొంగళి కళ్ళముందు కనపడాలంటే ఆర్క్టినే అనండి, ఆ పేరు ఎక్కడికీ పోలేదు.

కానీ ఒరిగేదేమీ లేదనకండి, మీ దుకాణంలోనే ఉంది జవాబు. మీరు అమ్మే ఎరలు ఎక్కువగా దేనికి? శనగపచ్చ పురుగుకి, పొగాకు లద్దె పురుగుకి. ఆ రెండూ నాక్టుయిడే, 2011 తర్వాత కూడా అక్కడే ఉన్నాయి. శనగపచ్చ పురుగు ఆడది మగదాన్ని పిలవడానికి వదిలేది ఆల్డిహైడ్లు, పదహారు కార్బన్ల గొలుసువి. లద్దె పురుగుది పద్నాలుగు కార్బన్ల ఎసిటేటు. నాక్టుయిడేలో ఎక్కువ భాగం ఈ బాణీలోనే పోతాయి. ఎరెబిడే వైపు రండి. అక్కడ ఎక్కువగా వాడేది పొడుగాటి హైడ్రోకార్బన్లు, వాటి ఎపాక్సైడ్లు. ఆర్క్టినే వాటిదీ అదే దారి. ఒంటి మీద బొచ్చు ఉందా లేదా అన్నది చూసి చెప్పలేని చుట్టరికం వాసనలో తెలుస్తోంది. రేపు ఎవరైనా ఎర్ర గొంగళికి కొత్త ఎర తయారు చేయాలంటే శనగపచ్చ పురుగు రసాయనాల దగ్గర మొదలుపెట్టి కాలం వృథా చేసుకోరు. వర్గీకరణ సరిగ్గా ఉంటే దాని మీద నిలబడి ఊహించొచ్చు. సరిగ్గా లేకపోతే ఊహ తప్పుతుంది.

బీచ్ దారిలో ఎండిన మొక్క మీద గుంపుగా వాలాయని అమ్మాయి రాసింది కదా, అదీ ఇందులో భాగమే. ఫోటోలో కొస వంకర తిరిగిన పూకంకి ఉంది, అది హీలియోట్రోపియం. ఆ మొక్కలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి, చేదు, విషం. ఆర్క్టినేలో చాలా వాటికి ఇవి కావాలి. ఎండిన కాడను తడిపి పీల్చుకుంటాయి. కొన్నింటికి ఒంటికి రక్షణ, కొన్నింటిలో మగవి ఆడదాన్ని ఆకట్టుకునే వాసన తయారీకి అదే సరుకు. అమ్మాయీ, ఆ కాడల మీద ఉన్నవి మగవా ఆడవా లెక్కపెట్టగలిగితే పెట్టు.

ఉలవపాడు_డిగ్రీ

మేడమ్, స్పిరిట్ చుక్క పెట్టి చూశాను! నిజంగానే కొద్ది క్షణాలే కనిపించి పోయాయి. పోల్చుకోవడానికి మా ఇంటి లైటు దగ్గర రాత్రి దొరికిన ఆర్క్టినే ఒకటి కూడా పక్కన పెట్టాను. దానికి వెనక రెక్క ముందంచు పక్కన ఈనె స్పష్టంగా ఉంది, నల్లదానికి లేదు. హాంప్సన్ చూసినదే నేనూ చూశానంటే చాలా సంతోషంగా ఉంది. నారింజ మచ్చలదాని లెక్కకు ఆదివారం మళ్ళీ వెళ్తాను.

రెండు అనుమానాలు. పెట్టెలో పాత చీటీ తీసేసి కొత్తది పెట్టమంటున్నారు మా సార్. తీసేయాలా? ఇంకొకటి, ఎగ్జామినర్ ‘రేపు మళ్ళీ మారదని గ్యారంటీ ఏమిటి’ అంటే?

మెట్టరైతు_కందుకూరు

ఆ మేడమ్ చెప్పింది సబబుగానే ఉంది. జిల్లాకు తప్పొప్పులు లేవు, చుట్టరికానికి ఉంటాయి. మందు కొట్టను లెండి.

తెల్లదుప్పటి_కావలి

పాత చీటీ తీసేయొద్దు తల్లీ. అదే పిన్నుకి కింద కొత్త చీటీ గుచ్చు. ఆ పెట్టె తయారు చేసినవాళ్ళు ఏ పుస్తకం చూసి రాశారో ఆ చీటీ చెబుతుంది. పురుగు ఎక్కడ, ఏ తేదీన, ఎవరు పట్టారన్న చీటీ ఉంటే దానికి ఇంకా విలువ, పేరు తప్పైనా దిద్దుకోవచ్చు కానీ తేదీ, ఊరు పోతే ఎవరూ తిరిగి తేలేరు. నీ చీటీ మీద ఎరెబిడే, దాని కింద ఆర్క్టినే, దాని కింద నల్లదానికి సింటోమిని, రెండోదానికి ఆర్క్టిని అని రాయి. జాతి పేరు దగ్గర నల్లదానికి అమాటా అని రాసి ఆపేయి. తెలియని జాతిని తెలిసినట్టు రాయడం కన్నా అది మేలు.

గ్యారంటీ సంగతి. కుటుంబం, ఉపకుటుంబం స్థాయిలో ఇప్పుడున్నది గట్టిగా నిలిచింది. తర్వాత చేసినవాళ్ళకు కూడా ఆర్క్టినే ఎరెబిడే లోపలే వచ్చింది. కదిలే చోటు ఇంకా కింద ఉంది. అమాటా అన్న ఒక్క ప్రజాతిలో వందకు పైగా జాతుల్ని వేశారు, ఆఫ్రికావి, ఆసియావి, ఆస్ట్రేలియావి. అవన్నీ ఒకే వంశమని నాకు నమ్మకం లేదు. మన తెలుగు నేల మీది అమాటాల మీద పని చాలా తక్కువ. ఎగ్జామినర్ అడిగితే ఆ మాటే చెప్పు: పై మెట్లు స్థిరపడ్డాయి, కింది మెట్లలో పని మిగిలింది, నా పురుగులు ఆ పనికి పనికొస్తాయి.

పనికి రావాలంటే ఒకటి చెయ్యి. పిన్ను గుచ్చే ముందే ఒక్కో పురుగు నుంచి ఒక కాలు తీసి, చిన్న ప్లాస్టిక్ సీసాలో 95 శాతం ఇథనాల్ పోసి వేసి, పిన్ను చీటీ మీద ఉన్న నంబరే సీసాలో కూడా పెన్సిలుతో రాసి వెయ్యి. పెన్నుతో రాస్తే ఇథనాల్‌లో కరిగిపోతుంది. డీఎన్ఏ తీయడానికి ఒక్క కాలు చాలు. అన్నిటికీ కుడివైపు కాలే తియ్యి, ఎడమవైపు చెక్కుచెదరకుండా ఉంటే ఫోటోలకు, పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది.